పాలిష్ షెడ్డులో సాన చప్పుడు

తాండూరు రోడ్డు మీద, మా ఊరు దాటగానే ఒక బండల పాలిష్ షెడ్డు ఉంది. మూతపడి చాలా ఏళ్లయింది. కరెంటు లేదు, మిషన్లు లేవు. అయినా ప్రతి దసరాకు, చీకటి పడగానే లోపల ఎవరో నూరుతున్న చప్పుడు... సర్ర్... సర్ర్... దసరా రాత్రి ఆటో నడిపే అఫ్సర్ అక్కడ ఎవరు చెయ్యెత్తినా ఆపడు. నేనైతే పగలు కూడా అటు చూడను. నా ధైర్యం సంగతి ఊరందరికీ తెలిసిందే.

మొన్న దసరాకు మా పక్కింటి నవనీత ఆ షెడ్డులోకి వెళ్లొచ్చింది. తను చెప్పిందే చెప్తున్నాను.

నవనీతకు ఇంటి వెనక గులాబీ తోట ఉంది. వానలు తగ్గాక కొమ్మలు కత్తిరించాలి. పోయినేడు కత్తెర మొద్దుబారి, కొమ్మలు తెగకుండా నలిగాయి. నలిగిన చోటల్లా నల్లబడి రెండు సాళ్లు ఎండిపోయాయి. పాపం, ఆ మొక్కల దగ్గరే కూర్చుని ఏడ్చింది.

ఈసారి దసరా మర్నాడు తెల్లవారుతూనే కూలీలు వస్తారు. సాన పెట్టడం మాత్రం పండుగ హడావుడిలో మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి కత్తెర పూజలో, కొడవలి పక్కన, కుంకుమ బొట్టుతో ఉంది.

పూజలో పెట్టిన ఇనుమును మర్నాటి దాకా ముట్టకూడదు. అత్త చంద్రవ్వ ఈ విషయంలో మహా గట్టి మనిషి. "పండుగ పూట ఇనుము మీద రాయి పెడ్తే ఇంటికి మంచిది గాదు" అని పొద్దున్నే చెప్పేసింది.

పొద్దుగూకాక అత్త జమ్మి ఆకు పంచడానికి బయల్దేరింది. ఇదే సందని నవనీత మెల్లగా పూజ మీది తువ్వాల ఎత్తింది...

కత్తెర లేదు.

అత్త దాచిందనుకుంది. అటక మీది పాత కత్తెర తీసి, కొంగులో చుట్టుకుని షెడ్డు దారి పట్టింది. బండల్ని నున్నగా చేసే రాయి ముక్కలు అక్కడ పడి ఉంటాయి. ఇనుము నూరడానికి వాటిని మించింది లేదు. దెయ్యం భయం ఉంది గానీ, తోట భయం అంతకంటే పెద్దది.

గుమ్మం దగ్గరికి వచ్చిందో లేదో —

సర్ర్... సర్ర్...

మెల్లగా లోపలికి తొంగి చూసింది. లోపల ఏదో తెల్లగా, వంగి కూర్చుని ఊగుతోంది. ఫోను లైటు వేసింది.

ముందు కనిపించింది కత్తెర. దాని పిడికి పొద్దున తను పెట్టిన కుంకుమ బొట్టు...

అప్పుడా తెల్లటి ఆకారం, తల తిప్పకుండానే గుసగుసగా అంది —

"లైటు జర ఇటు పట్టు. కనిపిస్తలేదు."

చంద్రవ్వ!

"అత్తమ్మా... ముట్టొద్దంటివి గదా?"

"నిన్ను ముట్టొద్దన్న. నన్నెవరన్నరు?" అని మళ్లీ నూరింది. గొంతు తగ్గించి, "పోయినేడు ఆ చెట్లకాడ నువ్వేడ్సుడు సూసిన బిడ్డా. మల్ల సూడలేను" అంది.

నవనీత పక్కనే కూలబడింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మామ బతికున్నప్పుడు ఆయన కొడవలి, ఇప్పుడు కొడుకు కొడవలి... షెడ్డు మూతపడ్డప్పటి నుంచీ ప్రతి దసరాకు, మర్నాటి పనికని చంద్రవ్వ చాటుగా ఇక్కడే నూరుతోంది. పండుగ పూట ఇనుము ముట్టొద్దన్న మాట చంద్రవ్వకు తన అత్త చెప్పిందట, కాదనలేక కోడలికీ చెప్పిందట. అంటే ఇన్నేళ్లుగా మమ్మల్ని హడలెత్తించిన దెయ్యం చంద్రవ్వే!

ఇద్దరూ రెండు కత్తెరలూ నూరారు. వాలు ఉన్న వైపే నూరాలనీ, చదును వైపు ముట్టొద్దనీ చెప్పి, అత్త కీలు మీద ఆముదం చుక్క వేసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదట. దాంతో ఈసారి షెడ్డులో రెండు దెయ్యాలున్నాయని, పైగా నవ్వుతున్నాయని పుకారు లేచింది. అఫ్సర్ ఇప్పుడు చుట్టు తిరిగి వస్తున్నాడు.

ఈ ఏడు ఒక్క కొమ్మా నల్లబడలేదు.

ఆ దసరా తెల్లారి కూలీలందరి ముందు చంద్రవ్వ, రాత్రే తిరిగి పెట్టేసిన కత్తెరను పూజలోంచి తీసి, కోడలి చేతిలో పెట్టి గట్టిగా అందట —

"సూసినవా? పండుగ పూట ముట్టకుంటె ఇనుము ఎట్ల మెరుస్తదో."