నాలుగు రంగుల శనగలు

"ఇది మందు కాదు సార్, విషం" అంది నాగజ్యోతి, భూపేష్ చేతిలోని బొమ్మను చూసి.

కోయిలకుంట్ల జూనియర్ కాలేజీలో అతను బోటనీ చెబుతాడు, ఆమె కెమిస్ట్రీ చెబుతుంది. మరునాడు కర్నూలులో సైన్స్ ఎగ్జిబిషన్. నానబెట్టిన శనగలకు రంగులద్ది, చీపురు పుల్లలతో గుచ్చి, ఒక మందు అణువులోని ముఖ్యమైన ముక్కను ఆమె తయారు చేసింది. నడుమ ఒక గింజ, దాని చుట్టూ నాలుగు రంగుల గింజలు. అలాంటివే మరికొన్ని చేసిపెడతానని అతనే ముందుకొచ్చాడు. అసలు సంగతి వేరు. ఆదివారం మైదుకూరు నుంచి ఆమె పెళ్లిచూపులకు వస్తున్నారని స్టాఫ్ రూములో విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఈ సాయంత్రం ఎలాగైనా మనసులో మాట చెప్పాలని వచ్చి, గింజలు గుచ్చుతూ కూర్చున్నాడు మహానుభావుడు.

"అవే రంగులు కదా మేడమ్. రెండూ ఒకే మాదిరి ఉండాయే" అన్నాడు.

ఆమె నవ్వి, రెండు అరచేతులూ బల్ల మీద పెట్టింది. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎడమ చేతి గ్లౌజు కుడి చేతికి పట్టదు కదా అంది. ఒంట్లో మందు కూర్చునే చోటు కూడా అలాంటిదేనట. వాళ్లమ్మ కృష్ణవేణమ్మ రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఆ మందే అద్దంలో కనిపించినట్టు తిరగబడితే గుండెకు చేటు చేస్తుందట.

"కంటికి ఒకటే అనిపిస్తాది సార్. ఒంటికి తెలిసిపోతాది."

తప్పెక్కడ జరిగిందో కూడా ఆమే కనిపెట్టింది. అతను ఎదురుగా కూర్చుని, ఎడమ కుడులు తనకు కనిపించినట్టే పెట్టి, ఆమె వైపున్న గింజను మాత్రం తన వైపు గుచ్చాడు. చూపు గింజల మీద కంటే ఆమె వేళ్ల మీద ఎక్కువగా ఉంటే మరేమవుతుంది?

"ఈ పక్కకొచ్చి కూర్చోండి. నాకెట్ల కనపడతాదో మీకూ అట్లే కనపడల్ల."

అతను వచ్చి, భుజం తగలకుండా కాస్త జరిగి కూర్చున్నాడు. ఆమె జరగలేదు.

"మైదుకూరు అబ్బాయి నచ్చినాడా మేడమ్?"

"ఫోటో బాగానే ఉండాది."

ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేననిపించింది అతనికి.

"మీరంటే నాకు శానా ఇష్టం. నన్ను చేసుకుంటారా?"

ఆమె చేతిలోని గింజను గుచ్చడం పూర్తి చేసింది. చేతులు తుడుచుకుని ఫోన్ తీసి, బనగానపల్లెలో ఉన్న వాళ్ల నాయన తిమ్మయ్యకు కలిపింది.

"నాయనా, మైదుకూరోళ్లను రావద్దని చెప్పు. ఆఁ, అడిగినాడు. ఇప్పుడే."

భూపేష్ తేరుకునేలోపే ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి.

"ఏమప్పా" అన్నాడు తిమ్మయ్య, "ఆదివారానికి సరుకులన్నీ తెచ్చిపెట్టినాం. మీ అమ్మానాయనల్ని పిలుచుకోని నువ్వే రా."