ఎడమ వైపు స్క్రూ

"ఇందులో ఏం పోశారండీ, సిమెంటా?"

అడిగింది కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి. ఎదురుగా కూర్చున్న పంపుల మెకానిక్‌కి ఆమె మొహం కనిపించలేదు. కళ్ళజోడు ఆమె చేతిలో ఉంది కాబట్టి అతనికి లోకమంతా మసకే. గొంతు మాత్రం బాగుంది. తిడుతున్నా బాగుంది.

ఇనుప ముక్క ఎగిరొచ్చి తగిలి కుడి అద్దం పగిలింది. కొత్తది వెయ్యాలంటే ఫ్రేము అంచున ఉన్న బుల్లి స్క్రూ విప్పాలి. అది ససేమిరా అంటోంది. అతను నసుగుతూ నిజం చెప్పాడు. పంపు ఎంత అదిరినా బోల్టులు ఊడకుండా వర్క్‌షాపులో ఎర్ర గమ్ము ఒకటి వేస్తారు. కళ్ళజోడు స్క్రూలు మాటిమాటికీ వదులవుతున్నాయని రెండు వైపులా అదే వేసేశాడు.

"మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వచ్చే నీలం గమ్ము కూడా ఉంటుందిగా. ఎర్రదే ఎందుకు?"

"ఊడిపోతే వెతుక్కోడానికి మళ్ళీ కళ్ళజోడే కావాలి కదండీ. గదిలో వెతికిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

బలవంతం చేస్తే స్క్రూ తల అరిగిపోతుంది, వేడికే ఆ గమ్ము లొంగుతుంది. ఆమె సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ మీద ఆనించి, చల్లారకముందే స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పింది. కాలిన వాసనతో స్క్రూ కదిలింది. కొత్త అద్దం బిగించి ఇచ్చాక అతను మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు. చెంప మీద నల్లటి మరక ఉంది. చెప్పాలనుకుని, డబ్బులిచ్చి బయటపడ్డాడు.

వర్క్‌షాపులో అతన్ని మౌనస్వామి అంటారు. గదికొస్తే ఆ మౌనం ఇంకా ఎక్కువ. అక్క ఎప్పుడైనా ఫోన్ చేసి తిన్నావా అని అడిగితే అదే పెద్ద కబురు. అలాంటివాడికి ఆ తిట్లు మళ్ళీ వినాలనిపించింది. కానీ ఏ సాకుతో వెళ్తాడు? ఎడమ అద్దం నిక్షేపంలా ఉంది. దాని మీద కోపం వచ్చింది. చివరికి తెగించి గరుకు కాగితం తీసి దాన్ని బరబరా రుద్దేశాడు.

కింద పడిందండీ అంటూ షాపుకెళ్ళి కూర్చున్నాడు. ఆమె అద్దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది.

"కింద పడితే గీతలు ఎటుపడితే అటు ఉంటాయి. ఇవన్నీ బుద్ధిగా ఒకే వరసలో ఉన్నాయి. దేంతో రుద్దారు?"

అతని చెవులు వేడెక్కాయి. పారిపోదామంటే తలుపెక్కడుందో కనిపించడం లేదు. ఇంకో అబద్ధం ఆడితే ఈ గొంతు ఇక తనకు లేనట్టేనని మాత్రం అర్థమైంది.

"గరుకు కాగితంతో," అన్నాడు. "ఎడమ వైపు స్క్రూ కూడా బిగుసుకుపోయే ఉంది కదా. అది ఊడేదాకా మీ దగ్గర కూర్చోవచ్చని. మీరు మాట్లాడుతుంటే నాకు బాగుంటుంది. ఇంకెక్కడా బాగుండటం లేదు."

ఆమె మొహంలో ఏముందో అతనికి తెలియలేదు. ఐరన్ స్విచ్ వేసిన చప్పుడు వినిపించింది. ఆమె నెమ్మదిగా అంది.

"రోజంతా ఇది కనిపిస్తోందా, అది కనిపిస్తోందా అని అందరినీ అడుగుతుంటాను. నన్ను ఏదీ అడిగేవాళ్ళు లేరు. ఇంటికెళ్ళి తాళం తీస్తే పొద్దున తాగిన కప్పు పెట్టినచోటే ఉంటుంది. అది చూస్తే ఏడుపొస్తుంది."

మళ్ళీ కాలిన వాసన వచ్చింది. స్క్రూ ఊడింది. కొత్త అద్దం వేసి, ఈసారి కళ్ళజోడు ఆమే అతని చెవులకు తగిలించింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. పెదాల మీద నవ్వుంది.

"ఇక అద్దాలు పాడుచెయ్యకండి. ఊరికే రండి."

"రేపు రానా?" అనేసి నాలుక కరుచుకున్నాడు. రేపు ఆదివారం, షాపు ఉండదు.

"మీరొచ్చేది షాపు కోసమా?" అందామె.