బంగారు రంగు పాంపస్

మధ్యాహ్నం బెల్లు మోగినా ఆ ఆడపిల్లలిద్దరూ స్టేజీ దిగలేదు. సాయంత్రమే హెడ్‌మిస్ట్రెస్ గారి రిటైర్మెంట్ సభ. వెనక తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు అతికించే పని వాళ్ళది.

ఇద్దరిలో పొడుగుపిల్లను క్లాసంతా 'డిక్షనరీ' అని పిలిచేది. అందులో సగం వెక్కిరింతే. ఆమె మాత్రం దాన్ని బిరుదుగా స్వీకరించింది. థర్మోకోల్‌తో కోసి, బంగారు రంగు వేసిన చివరి అక్షరాన్ని అతికించి, కాస్త వెనక్కి జరిగి మురిపెంగా చూసుకుంది.

'అవర్ పాంపస్ హెడ్‌మిస్ట్రెస్.'

"పాంపస్ అంటే ఏంటే?" అంది, కింద కూర్చుని జిగురు కలుపుతున్న పొట్టి.

"పాంప్ అంటే వైభవం. పాంపస్ అంటే వైభవం గల మనిషి. ఆ మాత్రం తెలీదూ?"

"లైబ్రరీ పక్కనే కదా. ఒకసారి చూసొస్తానే."

"ఇంత డిక్షనరీ నీ ఎదురుగా నిలబడితే ఇంకోటెందుకు? నువ్వు జిగురు సంగతి చూడు!"

పొట్టి మూతి ముడుచుకుంది.

అంతలో హెడ్‌మిస్ట్రెస్ గారే వచ్చారు. తెర మీది అక్షరాలు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఎవరమ్మా రాసింది?"

"నేనే మేడమ్! వైభవం గలవారు అని."

"మాట పుట్టుక బాగానే పట్టావు. అర్థమే దారి మళ్ళింది. తానే గొప్ప అనుకుని, ఎదుటివాళ్ళను పూచికపుల్లలా తీసిపారేసే మనిషిని పాంపస్ అంటారు. వెళ్ళిపోయే రోజున నా గుట్టు బయటపెట్టావా?"

ఆవిడ నవ్వుతూనే అన్నారు. డిక్షనరీకి మాత్రం భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. సాయంత్రం సభకొచ్చే అమ్మానాన్నలంతా అదే చదివేవారు!

"అర్థం తెలిస్తే చాలదు, వాడటం రావాలి. ఏదీ, ఒక వాక్యం చెప్పు."

ఆమె పొట్టి వైపు చూసింది.

"ఐ వాజ్ పాంపస్ విత్ మై ఫ్రెండ్."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "వాక్యంలో తప్పు లేదు" అని మాత్రం అన్నారు. "తెర సంగతి మీరిద్దరూ తేల్చుకోండి" అంటూ వెళ్ళిపోయారు.

"ఇప్పుడెలాగే?" అంది డిక్షనరీ.

పొట్టి లేచి, తెరను పరీక్షగా చూసింది. "'ప్రౌడ్ ఆఫ్ అవర్ హెడ్‌మిస్ట్రెస్' అని పెడితే? పీ, ఓ, యూ ఉన్నాయిగా. ఆర్, డీ, ఎఫ్ కోసుకుంటే చాలు."

ప్రౌడ్ అనే మాట డిక్షనరీకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. అయినా లైబ్రరీకి పరుగెత్తి, లావుపాటి నిఘంటువు మోసుకొచ్చి పొట్టి చేతుల్లో పెట్టింది.

"నువ్వు చూసి చెప్పవే. నేను జిగురు కలుపుతాను."