గోడ మీద సముద్రం

శంషాబాద్‌లో సముద్రం ఉంది. పాల్మాకుల దారిలో, ఒకప్పుడు ఎరువుల బస్తాలు పెట్టిన గోడౌన్‌లో. రెండు లారీల ఇసుక, గోడంత స్క్రీన్, దాని మీద పరిగెత్తే భీమిలి రోడ్డు. స్క్రీన్ ముందు టాప్ లేని కార్లు రెండు, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. రెండింటికీ ఇంజన్లు లేవు. పెళ్ళి కుదిరిన జంటలు వచ్చి, సముద్రం పక్కన షికారుకెళ్ళినట్టు ఫొటోలు దిగి పోతారు. గాలి కావాలంటే పెద్ద ఫ్యాను. కారు కదలాలంటే వాచ్‌మన్ సత్తయ్య వెనక బంపర్ పట్టుకుని ఊపుతాడు. ఫొటోలు తీసేది నేను, కావేరిని. ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో స్టీరింగ్ ముందు ఒక్క పెళ్ళికూతురూ కూర్చోలేదు.

కాదు. ఒకతి కూర్చుంది.

శోభ. రెండేళ్ళ కిందట, ఎర్ర కారులో. "ఒక్కటే ఒక్కటి, అక్కా" అని బతిమాలి ఎక్కింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ సాయంత్రమే కాబోయే అత్తగారు ఫోన్ చేసి ఆ ఫొటో తీసెయ్యమంది. పార్టీ చెప్తే తీసెయ్యడం మా పద్ధతి. తీసేశాను. నాలుగు నెలలకు శోభ అత్తింట్లో చనిపోయింది. జారిపడింది అన్నారు. ఆడవాళ్ళు అత్తిళ్ళలోనే ఎందుకంత జారతారో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

అప్పట్నుంచి ఎర్ర కారు స్టీరింగ్‌కి సత్తయ్య నల్లదారం కట్టి ఉంచాడు. "ఆడపిల్లల్ని గా సీట్ల కూసోనియ్యకు మేడం" అంటాడు. నాకు ఒళ్ళు మండేది. చచ్చినదాన్ని చూసి వణుకుతారు. చంపినవాడు ఎదురైతే నమస్తే పెడతారు.

మొన్న ఆషాఢంలో, వాన దంచుతున్న ఓ మధ్యాహ్నం సునీత, వెంకట్ వచ్చారు. సునీత ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాక్టర్ నడుపుతుంది. వెంకట్‌ది ప్లాట్ల బిజినెస్.

"స్టీరింగ్ కాడ నేను కూసుంట" అంది సునీత.

"గిది నీ సూట్‌కేసుల బండి అనుకున్నవా?" వెంకట్ నవ్వాడు. "పెండ్లయినంక అది గూడ బంద్. మా అమ్మకు చెప్పేసిన."

"నాకు చెప్పలే గద."

"ఇప్పుడు చెప్తున్న గద."

సునీత నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. రెండేళ్ళుగా నా కళ్ళ ముందున్నదే. కత్తెర తీసి నల్లదారం కత్తిరించాను.

"కూర్చో."

"మేడం... వద్దు" అన్నాడు సత్తయ్య.

"నువ్వు ఊపు సత్తయ్యా."

వెంకట్ మూతి ముడుచుకుని పక్క సీట్లో కూలబడ్డాడు. కెమెరా కంటికి ఆనించాను. కరెంట్ పోయింది.

గుమ్మం షట్టర్ మూసి ఉంది. కిటికీల్లేని గోడౌన్. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. రేకుల మీద వాన చప్పుడు కూడా ఆగింది. ఏదో వాసన. ఎరువుది కాదు. చేపలు, నాచు, తడి ఉప్పు...

స్క్రీన్ వెలిగింది.

రోడ్డు కదులుతోంది. మా వీడియో నాకు కంఠతా వచ్చు. మూడో మలుపులో కొబ్బరిచెట్లుంటాయి. ఈ రోడ్డు మీద చెట్టు లేదు. మనిషి లేడు. పక్కన సముద్రం మాత్రం మలుపు మలుపుకీ దగ్గరవుతోంది.

కారు ఊగుతోంది.

"చాలు సత్తయ్యా."

"నేను... మీ పక్కనే ఉన్న మేడం."

ఫ్యాను ఆగే ఉంది. సునీత జుట్టు వెనక్కి ఎగురుతోంది.

"ఆపు!" వెంకట్ అరిచాడు. "ఆపు సునీతా... ఎనకాల... ఎవరో..."

సునీత వెనక్కి చూడలేదు. స్టీరింగ్ తిప్పుతోంది. రోడ్డు ఎటు తిరిగితే అటు.

మామూలు కళ్ళతో చూసే ధైర్యం లేక కెమెరాలోంచి చూశాను. వెనక సీట్లోంచి ఓ చెయ్యి ముందుకొచ్చి ఉంది. తడి గాజులు. వెంకట్ భుజాన్ని సీటుకి అదిమి పట్టుకుంది.

నా చెవి పక్కన... చల్లగా...

"ఒక్కటే ఒక్కటి, అక్కా."

కెమెరా బటన్ నొక్కాను. "ఈసారి తీసెయ్యను" అన్నాను. గట్టిగానే అన్నాను.

కరెంట్ వచ్చింది. వాన వినబడింది. వెంకట్ కారులోంచి దూకి షట్టర్ దాకా పరిగెత్తాడు. నడుం వరకు తడిసి ముద్దయ్యాడు. పెదాల మీద తెల్లగా ఉప్పు.

"పెండ్లి లేదు, ఏం లేదు!"

"నేనే చెప్దామనుకున్న" అంది సునీత, స్టీరింగ్ వదలకుండా. "నువ్వే అన్నవ్, మంచిగయ్యింది."

ఫొటోలో సునీత పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. వెనక సీటు ఖాళీ. రాత్రి వెంకట్ వాళ్ళమ్మ ఫోన్ చేసి అది తీసెయ్యమంది. తీసెయ్యనన్నాను. మర్నాడే పెద్దది చేయించి గోడౌన్ గుమ్మం పైన తగిలించాను. వచ్చే ప్రతి పెళ్ళికొడుకూ దాని కింద నుంచే రావాలి. సునీత ట్రాక్టర్ నడుపుకుంటోంది. సెలవురోజున వచ్చి ఆ కారులో కూర్చుని చాయ్ తాగి పోతుంది.

శ్రావణంలో వెంకట్‌కి ఇంకో సంబంధం కుదిరింది. ఈసారి సెట్ వద్దన్నాడట. వైజాగ్ పోయి, టాప్ లేని కారు కిరాయికి తీసుకుని, అసలు సముద్రం ఒడ్డునే ఫొటోలట. నిన్న సాయంత్రం బయల్దేరారు. ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. స్టీరింగ్ అడుగుతుందో లేదో కూడా తెలియదు.

ఇవాళ పొద్దున్నే సత్తయ్య ఫోన్ చేశాడు.

"మేడం... ఎర్ర కారు లేదు."

"ఇంజన్ లేని కారు ఎక్కడికి పోతుంది?"

"షట్టర్ తాళంచెవి నా మొలతాడుకే ఉంది మేడం. ఇసుక తడిగ ఉంది. టైర్ల జాడ ఉంది..."

"బయటికా?"

"కాదు. స్క్రీన్ దాకా."