తోపుడు గెడ

మా పంపుసెట్టు షెడ్డులో చూరు కింద ఒక పొడవాటి వెదురు గెడ ఉండేది. కొసకి తొడిగిన గుండ్రటి ఇనప పొన్ను. చిన్నప్పుడు మామిడికాయలు దులపడానికి అడిగితే అమ్మ తమ్ముడు జగన్నాధం మావ నా చేతి మీద కొట్టాడు. అది దేనికో చెప్పలేదు.

నేను మా ఏటి కథలు పోగుచేస్తుంటాను. ఎవరూ నేర్పలేదు. ఫోను పట్టుకుని ముసలోళ్ళ అరుగుల మీద కూర్చుంటాను, అంతే. ఏటికి ఇవతల గట్టు ఆంధ్ర, అవతల ఒడిశా. పడవల్లో పాతపట్నం చేరిన చింతపండు, రాజుల హద్దు తగువులు, రాత్రికి రాత్రి హద్దురాయిని జరిపినవాళ్ళ గొప్పలు... అన్నీ నవ్వుతూ చెప్తారు. గెడ గురించి అడిగితే మాత్రం చుట్ట వెలిగించుకుంటారు.

చివరికి దాలమ్మ చెప్పింది. మా వీధిలో అందరికంటే పెద్దది.

"వరదకి శవాలొస్తాయి గుంటా. మన గట్టుకి తగిల్తే మన కేసు. పోలీసులు, పంచనామా, తిరుగుళ్ళు. అందుకని గెడతో అవతలికి తోసెత్తారు. ఆల్లూ ఇటు తోత్తారు."

"ఎవరో చూడరా?"

"దాని ముకం పైకి తిప్పకూడదు. ముకం సూస్తే అది మనదే. మనమే ఎత్తుకోవాల."

నాకు కన్యాకుమారి పిన్ని గుర్తొచ్చింది. అమ్మ చెల్లెలు. నేను బడికెళ్ళే రోజుల్లో గడ్డి కోయడానికి ఏటి లంకలోకి వెళ్ళి వరదకి పోయింది. శవం దొరకలేదన్నారు. అందుకే దినం చెయ్యలేదు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే అమ్మే ముందు పరిగెడుతుంది.

"ఆ వరదలో గెడ పట్టిందెవరు?"

దాలమ్మ దీపం వత్తి సర్దింది. "మీ జగన్నాధం మావే."

నేరుగా షెడ్డుకెళ్ళాను. పొద్దు వాలుతోంది. మావ మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

"పిన్నిని తోసేసింది నువ్వేనా?"

"దాలమ్మకి పళ్ళూడినాయి గానీ నోరు ఊడనేదు."

"అమ్మకి ఒక్క మాట చెప్పు మావా. పోయిందని చెప్పు. దినమైనా చేసుకుంటుంది."

"నాను ముకం సూడనేదే కోడలా. ఎవలో నాకేటి తెల్సు?"

"చీర చూశావు కదా."

మావ గుడ్డతో స్పానరు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో అన్నం తింటూ, అమ్మ తలుపుకి పరిగెత్తడం చూస్తూ, ఇలాగే తుడుచుకుంటూ కూర్చున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. గెడ దించి భుజాన వేసుకుని ఏటికి నడిచాను.

గట్టు దగ్గర బురద వాసన, కుళ్ళిన గడ్డి వాసన. కప్పలు గోల పెడుతున్నాయి. అవతల ఒడిశా వైపు ఎవరింట్లోనో టీవీ మోగుతోంది. గెడని బలం కొద్దీ నీళ్ళలోకి విసిరాను. అది తేలి, తిరిగి, నడిమి పాయలో పడి చీకట్లోకి పోయింది. దాని పీడ విరగడయిందనుకున్నాను. చేతులకంటిన మసి కడుక్కోవడానికి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వంగాను.

కప్పలు ఆగిపోయాయి.

టీవీ కూడా...

వీపు నడుమ ఏదో ఆనింది. చల్లగా. గుండ్రంగా. ఇనుము.

కొట్టలేదు. పొడవలేదు. మెల్లగా తోసింది. చెయ్యి తగలకుండా పంపించెయ్యాల్సినదాన్ని తోసినట్టు, అలవాటైన తోపు. కాళ్ళ కింద ఇసక జారింది. ముఖం నీళ్ళలో పడింది. తిరుగుదామంటే తిరగనివ్వడం లేదు... ముఖం పైకి రానివ్వడం లేదు... చున్నీ మెడ మీంచి జారి ఎటో పోయింది.

జుట్టు పట్టుకుని ఎవరో లాగారు. మావ. ఒడ్డున పడేసి, పక్కన కూలబడ్డాడు. ముందు అతని చేతులు చూశాను. ఖాళీ. గట్టంతా వెతికాను. గెడ లేదు.

"సూసినాను," అన్నాడు గొణుగుతూ. "ఆ రోజు ముకం తిప్పి సూసినాను. భయమేసింది. మల్లా తిప్పేసి... తోసేసినాను."

ఆ మాట కోసమే కదా వచ్చింది. విన్నా కోపం చల్లారలేదు.

ఇంటికొచ్చి మావే అమ్మకి చెప్పాడు. అమ్మ ఏడవలేదు. నా వీపు తుడుస్తూ ఒక చోట ఆగింది. "ఇదేటే?" అంది. పొన్నంత గుండ్రంగా, నల్లగా కమిలిపోయి ఉంది.

తెల్లారాక మావ ఫోను మోగింది. అవతల గట్టు రైతు సోములు. ఇద్దరూ ఒకరి శవాలు ఒకరికి తోసుకునే స్నేహం.

"నిన్న సీకటడ్డాక మీ గట్టు నించి ఒకటొచ్చినాది బావ. ఇప్పుడే మల్లా మీ వైపు పంపినాం. ఏటనుకోకు."

"ఆడా, మగా?"

"ఆడకూతురే. పసుపు రంగు డ్రెస్సు. సున్నీ నేదు. ముకం సూడనేదు మరి."

పెరట్లో తీగ మీద నా పసుపు డ్రెస్సు ఇంకా నీళ్ళు కారుతోంది.

మావ లేచాడు. "ఈపాలి సూస్తాను," అన్నాడు. వట్టి చేతులతో వెళ్ళాడు. వద్దనాలనిపించింది. అనలేదు. చూడనీ, ఒక్కసారైనా చూడనీ అనుకున్నాను.

నడుం దాకా తడిసి తిరిగొచ్చాడు. చేతిలో నా చున్నీ. గుమ్మం మీద పెట్టాడు.

"ఎవులురా?" అంది అమ్మ.

మావ మళ్ళీ బయటికి పోయి పంతులుని మాట్లాడొచ్చాడు. పిన్ని దినానికి. పిండాలు ఇద్దరికని చెప్పాడట.

రెండోది ఎవరికని అడిగాను. గడ్డం పట్టుకుని అడిగాను. నా ముఖం చూసి చెప్పమన్నాను.

మావ కళ్ళు మూసుకున్నాడు.