ఉప్పునీళ్ళు తాగిన బండలు

ఆత్మకూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు హాల్లో నల్లబండలు పరిపించాం. మా ఆయన వెలిగొండల అవతల నుంచి లారీలో తెప్పించాడు. ఒక్కో బండ మీదా ఉల్లిపాయ కోసినట్టు వలయాలు. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద నడుం వాలిస్తే హాయిగా ఉండేది.

ఎదురింటి అనురాధ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. ఆ వలయాలను వేలితో తడిమి, “ఇది ఒకప్పుడు సముద్రం అడుగు వదినా,” అంది. “లోతులేని నీళ్ళల్లో కంటికి కనపడని జీవులు జిగురుచాపలాగా పెరిగినాయి. మీద ఏం పడినా పట్టుకుని, దాని మీద ఇంకో పొర పెరిగేది. అట్లా రాయైపోయినాయి.”

“ఆత్మకూరుకు సముద్రమెక్కడిదిమే?” అని మా అత్త వెంకమ్మ నవ్వింది.

మా అత్తకు దిష్టి పిచ్చి. మా పాప భవ్య తుమ్మినా దిష్టే. ప్రతి శుక్రవారం చిటికెడు కల్లుప్పు వేసిన నీళ్ళతో ఇల్లు తుడవాల్సిందే. ఒక శుక్రవారం పది నెలల భవ్యకు ఒళ్ళు వెచ్చబడింది. డాక్టరు దగ్గరికి పోదామంటే అత్త వినలేదు. బకెట్లో ఉప్పు ప్యాకెట్టంతా కుమ్మరించింది. లోపల మండిపోతున్నా తుడిచాను. కరెంటు పోయింది. చల్లగా ఉంటుందని తడి ఆరకముందే పాపను బండ మీద పడుకోబెట్టి, పక్కనే కళ్ళు మూశాను.

నీచు వాసనకు మెలకువ వచ్చింది.

ఎండకు మూసిన కిటికీలు. హాలంతా మసక. ఎక్కడో నీళ్ళు మెల్లగా వచ్చి వెనక్కి పోతున్న చప్పుడు... చెయ్యి ఆనిస్తే బండ మెత్తగా ఉంది. జిగటగా... వెచ్చగా...

పాప కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఎత్తబోయాను. రాలేదు. చెంప బండకు అతుక్కుపోయింది. చేతుల మీద పచ్చటి పొర పాకుతోంది. లాగాను. కెవ్వుమంది. చెంప మీద తోలు లేచి రక్తం వచ్చింది. ఇంకోసారి లాగడానికి నాకు చేతులు రాలేదు.

“లాగమాకమే,” కేక విని వచ్చిన అత్త గొణిగింది. “దిష్టి పట్టుకోనుండాది. ఉప్పు చాల్లేదు.”

“వద్దత్తా... ఉప్పునీళ్ళకే అది లేచింది. మంచినీళ్ళు తే...”

వినలేదు. బకెట్లో మిగిలిన ఉప్పునీళ్ళన్నీ పాప మీద పోసింది.

పొర ఒక్కసారిగా లేచింది. నోటి మీదికి. ముక్కు మీదికి. ఏడుపు సన్నబడింది... నేను పట్టుకున్న చిన్న పాదం వేళ్ళలోంచి జారి కిందికి పోయింది. బండ గట్టిపడింది. దాని మీద కొత్త వలయం.

మా ఆయన సమ్మెట తెచ్చాడు. నేను అడ్డం పడుకున్నాను. చెవి ఆనిస్తే లోపల గుండె కొట్టుకుంటోంది. దెబ్బ ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు?

ఉప్పునీళ్ళు పోస్తే ఏడుపు కూడా వినిపిస్తుంది. పోసినప్పుడల్లా పొర మందమవుతోందని నాకు తెలుసు. అయినా పోస్తాను. ఆ ఏడుపు వినకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

నా కూతురికి ఇంకా మాటలు రాలేదు. అమ్మా అని కూడా ఎప్పుడూ అనలేదు.

నిన్న మధ్యాహ్నం బండ కింద నుంచి నన్ను పేరు పెట్టి పిలిచింది.

“ప్రమీలా...”