పురుడు బ్రేకరు

పదకొండో నిమిషానికి బ్రేకరు మళ్లీ పడిపోయింది. ఈ మధ్యాహ్నం ఇది నాలుగోసారి. మీటరులో బ్యాటరీ మేత ముప్పై ఒకటి శాతం దగ్గర ఆగిపోయింది. బయలుదేరే వేళకు ఎనభై చూపించకపోతే, బిడారును నడిపే యంత్రం కావలి ఈ బండిల్లును ఇసుకలోనే వదిలేస్తుంది. అరవై లోపు మనుషుల్ని మిగతా ఇళ్లలో తలో మూలా సర్దుతుంది. అరవై దాటినవాళ్లకు సర్దుబాటు ఉండదు, ఇంటితోపాటే ఉండిపోవాలి.

బిడారులో రెండు వందల పధ్నాలుగు ఇళ్లు. పగలంతా ఎండిన నాగావళిలో సోలారు పలకలు విప్పుకుని ఎండ మేస్తాయి, పొద్దు వాలగానే కదులుతాయి. ఇన్నింటి చార్జింగు రోగాలకూ వైద్యం చేసేది తాయారొక్కతే. ఆమెకిప్పుడు ఏడో నెల. వంగితే కడుపు అడ్డొస్తుంది, లేస్తే నడుం పీకుతుంది. దానికి తోడు ఇంటి యజమాని దాలినాయుడు వెనకాలే నిలబడి, వేడి ఇసుక మీద నిలుచున్నవాడిలా కాళ్లు మారుస్తుంటే ఆమెకు ఒళ్లు మండుతోంది.

"కొత్తగా ఏటైనా కలిపినారా, సిన్నాన్నా?"

"ఏటీ లేదమ్మా. ఎండకి బ్రేకరు సెడిపోయుంటాది. మార్సీ."

మార్చడం ఎప్పుడో అయింది. కొత్తదీ పడిపోయింది. వైర్లు కలిసిపోతే పెట్టీ పెట్టగానే పడిపోవాలి. పదకొండు నిమిషాలు ఓర్చుకుని పడిందంటే, మోయలేని బరువేదో మోస్తోందని. తాయారు పెట్టెలో మనిషికొకటిగా ఉన్న పేరు బ్రేకర్లు ఆరూ వరసగా కిందికి దించింది. దాలినాయుడు, భార్య, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మనిషికి ఆరు ఆంపులు, ఒక్కటి మించినా కావలికి కబురు వెళ్తుంది. ఇక మిగిలింది చార్జరు లైనొక్కటే. చార్జరు తాగేది పద్దెనిమిది ఆంపులు. దాని బ్రేకరు ఎత్తి, వైరు మీద కరెంటు కొలిచే క్లాంపు పెడితే ఇరవై మూడు చూపించింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర క్లాంపు మీటరు లేదు మరి.

తాయారు వైరును వేళ్లతో తడుముకుంటూ వెళ్లింది. చార్జరు వెనక టేపు చుట్టిన అతుకు దొరికింది. అక్కణ్నించి సన్న తీగ ఒకటి నేల పలకల కిందికి దిగి, బియ్యం డబ్బా దగ్గర మాయమైంది. ఆమె డబ్బాను కాలితో పక్కకు నెట్టేసరికి దాలినాయుడు గొంతు మారిపోయింది.

"తల్లీ, నీకు దణ్ణమెడతాను."

పలక ఎత్తింది. సామాన్ల గూట్లో, చిన్న కూలరు పక్కన, మోకాళ్లు ముడుచుకుని ఒక పెద్దావిడ పడుకుని ఉంది. వెలుగుకు కళ్లు చికిలించింది.

"మా అక్క గవరమ్మ," అన్నాడు దాలినాయుడు. "పదిరోజుల కిందట బొబ్బిలి మేతకాడ దీని ఇల్లు వదిలేసినారు. మా పేర్ల మీద కూలరెడితే కావలికి తెలిసిపోద్దని సార్జరు లైనుకి కలిపినాను. ఆ లైనుకి పేరుండదు గదా అనుకున్నాను."

బొబ్బిలి దగ్గర వదిలేసిన ఇల్లు తొంభై ఒకటి. దాని చార్జరు ఇక పనికిరాదని చీటీ రాసింది తనే. రాసి, చేతులు తుడుచుకుని, పక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడా అతుకు తెంపేస్తే చాలు, బ్రేకరు నిలుస్తుంది, మూడు గంటల్లో ఎనభై దాటుతుంది. కానీ యాభై డిగ్రీల ఎండలో, కూలరు లేని గూట్లో ఈమె సాయంత్రం దాకా ఉండదు. తెంపకపోతే ఇల్లు పోతుంది, ఇంటితోపాటు ఈమె కూడా పోతుంది. తాయారు కట్టరు చేతిలోకి తీసుకుంది, కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది. కడుపులో బిడ్డ ఒకటే కదులుతోంది.

చివరికి సంచి అడుగునుంచి ఎర్రగుడ్డ మూట తీసింది. అందులో ఉన్నది పురుడు బ్రేకరు. ఏడో నెలలో బిడారు ప్రతి తల్లికీ ఒకటిస్తుంది. పేరు పెట్టిన రోజున ఇంటి పెద్దామె దానికి పసుపు రాసి, పెట్టెలో ఖాళీ గడిలో నొక్కుతుంది. వేరే బ్రేకరును ఆ గడి ఒప్పుకోదు. ఒకసారి నొక్కాక మూడేళ్లదాకా ఆ పేరు తీసే అధికారం కావలికి కూడా లేదు. తల్లికి రెండోది ఇవ్వరు. బిడ్డ పుడితే తన ఆరు ఆంపుల్లోంచే పంచుకోవాలి. అత్త సంగతి చెప్పనే అక్కర్లేదు, రోట్లో వేసి దంచుతుంది.

"వద్దు తల్లీ," అంది గవరమ్మ. "నాను బతికీసినాను. అది నీ బిడ్డది."

"మీ ఇంటికి చీటీ రాసింది నేనే, పెద్దమ్మా."

"తెలుసు. ఆ రోజు నీకు మజ్జిగిచ్చింది నానే."

తాయారు తల తిప్పుకుంది. ఏడుపొచ్చింది, సిగ్గేసింది, రెండూ ఒకేసారి. వంటగట్టు మీద పసుపు డబ్బా ఉంటే చిటికెడు తీసి బ్రేకరుకు రాసింది. చార్జరు బ్రేకరు దించి, సన్నతీగను అతుకులోంచి విడదీసి పురుడు బ్రేకరుకు బిగించి, ఖాళీ గడిలో నొక్కింది. తరవాత చార్జరు బ్రేకరు ఎత్తింది. క్లాంపు పద్దెనిమిది దగ్గర నిలిచింది.

పెట్టెలోంచి కావలి గొంతు వినిపించింది. "నలభై నాలుగో ఇల్లు. జననం నమోదైంది. పేరు?"

"గవరమ్మ."

"వయస్సు?"

ఒక రోజు అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఒక రోజు పిల్ల పేరుతో ఈమె ఎన్నాళ్లు ఆ గూట్లో దాక్కుంటుంది?

"అరవై రెండేళ్లు."

"మళ్లీ చెప్పండి."

"అరవై రెండేళ్లు. రాసుకో."

పుట్టుక కబురు అన్ని ఇళ్లకూ చెప్పడం కావలి విధి, విన్నవాళ్లు కంచం మోగించడం బిడారు ఆచారం. కావలికి విధి తప్పడం తెలియదు. "నలభై నాలుగో ఇంట జననం," అంది రెండు వందల పధ్నాలుగు ఇళ్లలోనూ. "పాప గవరమ్మ. వయస్సు అరవై రెండేళ్లు."

ఏ కంచమూ మోగలేదు. పదకొండో నిమిషం వచ్చింది, దాటింది. మేత ముప్పై నాలుగైంది. ఎక్కడో దూరంగా ఒక కంచం మోగింది, తరవాత ఇంకొకటి.

తాయారు పనిముట్లు సర్దుకుంటుంటే గుమ్మం దగ్గర నీడ పడింది. నెలలు నిండిన పిల్ల ఒకతి ఎండలో నడిచొచ్చి ఆయాసపడుతోంది. చేతిలో ఎర్రగుడ్డ మూట.

"మా ఇంట్లో కూడా పదో నిమిషానికి బ్రేకరు పడిపోతందక్కా," అంది. "ఓసారి వచ్చి సూస్తావా?"